అతుకు ఎక్కడ, ఊనిక ఎక్కడ?
(డచ్చి సమాసాల విరుపు గురించి ఒక చిన్న పాఠం)

బందరులో వలందపాలెం అనే పేట ఉన్నది. అదే ఊళ్ళో ఇంగ్లీషుపాలెమూ ఉంది, ఫరాసుపేటా ఉంది. వలందులంటే హాలెండు దేశస్థులు, ఇప్పుడు మనం డచ్చివారంటున్నవారు. 1602లో ఏర్పడిన వారి ఈస్టిండియా కంపెనీ ఆ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే బందరు చేరింది. 1613లో ప్రళయకావేరిలో, అనగా నేటి పులికాట్‌లో, ఖెల్డ్రియా కోట కట్టింది. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వంటి చోట్ల ఈ కంపెనీవారు మన నేత బట్టలు కొన్నారు. 1824 నాటి ఒడంబడిక ప్రకారం 1825లో ఈ తీరంలోని స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. బందరులోనూ భీమునిపట్నంలోనూ వారి సమాధిరాళ్ళు మిగిలినవి. వారి కాగితాలు మాత్రం హేగ్ నగరంలోని జాతీయ పత్రాగారంలో, ఇంకా మరికొన్ని దేశాల పత్రాగారాల్లో భద్రంగా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

మన సాలెవారి బేరాలు, మన రేవుల ధరలు, మన కరువులు కొన్ని ఆ కాగితాల్లో ఉన్నాయి. అవి చదవాలన్న కోరికతోనే నేను డచ్చి నేర్చుకోవడానికి పూనుకున్నాను. వ్యాకరణం నన్నంతగా ఏడిపించలేదు. ఏడిపించినది సమాసం. "ఏముంది, రెండు మాటలు కలిపితే సమాసం, మనకు తెలియనిదా!" అనుకున్నా. ఆ ధీమాతోనే ఒకసారి ఎన్నడూ అంటుకోని మంటను అంటించబోయాను. ఆ కథ చివర చెబుతాను, ముందు పాఠం కావాలి.

ఒక మనవి. డచ్చి మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే వ్రాస్తున్నాను. 'ఖ' అని వ్రాసినచోట గొంతు గీరినట్టు పలకాలి. 'హయిస్' (ఇల్లు) వంటి మాటల్లో 'అయి' అనేటప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఇది పూర్తిగా వారి ఉచ్చారణ కాదు, దానికి దగ్గర మాత్రమే. ఇక 'అక్షరం' అనే మాటను ఛందస్సులో వాడే అర్థంలో, అనగా ఒక్క ఊపున పలికే ముక్క అనే అర్థంలో వాడుతున్నాను. కాగితం మీది గుర్తును 'లిపిగుర్తు' అంటాను. ఈ రెంటినీ కలిపేసుకుంటే మొదటి మెట్టులోనే జారిపడతాము.

1. ఒంటి మాటను విరవడం

సమాసం కాని మామూలు మాటతో మొదలుపెడదాం. ఇక్కడి నియమాలు చాలా తేలిక.

రెండు అచ్చుల నడుమ ఒక్క హల్లే ఉంటే అది రెండో అక్షరానికి పోతుంది. 'మాకన్' అంటే చేయడం. అది మా-కన్ అని విరుగుతుంది. నడుమ రెండు హల్లులుంటే తలా ఒకటి పంచుకుంటాయి. 'వెర్కన్' అంటే పని చేయడం. అది వెర్-కన్. అంతకన్న ఎక్కువ హల్లులుంటే, డచ్చి మాటకు మొదట రాదగిన హల్లుల గుంపును రెండో అక్షరానికి వదలాలి. 'ఫెన్‌స్టర్' అంటే కిటికీ. 'స్ట' అనే గుంపుతో డచ్చి మాటలు మొదలవుతాయి కాబట్టి అది ఫెన్-స్టర్.

ఇది పంక్తి చివర మాట విరవడానికి మాత్రమే పనికివచ్చే సంగతి కాదు. డచ్చి వర్ణక్రమం మొత్తం దీనిమీదే నిలబడి ఉంది. 'మాన్' అంటే చంద్రుడు. అక్షరం హల్లుతో మూసుకుపోయింది కనుక దీర్ఘం తెలియడానికి 'ఆ' గుర్తును రెండుసార్లు వ్రాస్తారు. బహువచనం 'మానన్'. అది మా-నన్ అని విరుగుతుంది, మొదటి అక్షరం అచ్చుతో తెరుచుకొని ఉంది, కాబట్టి ఆ గుర్తు ఒక్కసారి వ్రాస్తే చాలు. 'మన్' అంటే మగవాడు. అక్కడ అచ్చు హ్రస్వం. బహువచనంలో ఆ హ్రస్వాన్ని కాపాడడానికి నకారాన్ని రెట్టిస్తారు. కనుక ఎక్కడ విరుగుతుందో తెలియనివాడికి డచ్చి మాట వ్రాయడం కూడా రాదు.

2. సమాసం కరగదు

మన సమాసం సంగతి చూడండి. విద్యా, అర్థి కలిస్తే విద్యార్థి. ఛందస్సులో దాన్ని వి-ద్యా-ర్థి అని విరుస్తాం. ఆ 'ద్యా'లో విద్య ఎంత, అర్థి ఎంత? రెండూ కరిగిపోయాయి. సంధి అంటేనే అది. గణవిభజన చేసేవాడు ఈ అతుకు ఎక్కడున్నదని ఆగి అడగడు. (యతి దగ్గర మాత్రం మనకూ అతుకు గుర్తుకు వస్తుంది. స్వరప్రధాన యతిలో సంధిలో కలిసిపోయిన రెండో పదం అచ్చును పైకి తీసి లెక్కలోకి తీసుకుంటాం. కరిగినా జాడ పోలేదన్నమాట.)

డచ్చి సమాసంలో ఇలా కరగడం ఉండదు. రెండు మాటలు పక్కపక్కన నిలబడి చెయ్యీ చెయ్యీ పట్టుకుంటాయి గాని ఒకటైపోవు. అందుచేత పైన చెప్పిన తేలిక నియమాలు ఒక్కొక్క ముక్క లోపలనే చెల్లుతాయి, అతుకు మీద చెల్లవు.

'టంట్' అంటే పన్ను, 'అర్ట్స్' అంటే వైద్యుడు. రెండూ కలిస్తే దంతవైద్యుడు. లిపిలో ఆ పన్ను చివర ఉన్నది డకారం. తేలిక నియమం ప్రకారం ఆ డకారం రెండో అక్షరానికి పోయి టన్-డర్ట్స్ అనాలి. డచ్చివాడు అలా అనడు. టంట్-అర్ట్స్ అంటాడు. డకారం టకారంగా ఎందుకు పలికిందంటే, డచ్చిలో మాట చివర డకారం బకారం వంటి నాదమున్న హల్లులు నాదం పోగొట్టుకుంటాయి. బహువచనం 'టన్-డన్'లో అది మాట చివర కాదు కాబట్టి డకారం డకారంగానే వినబడుతుంది. దంతవైద్యుడిలో మాత్రం 'టంట్' అనే మాట అయిపోయిందని నోరు ఒప్పుకుంటున్నది. వెనక ఇంకో మాట తగిలి ఉన్నా సరే, అది అయిపోయినట్టే లెక్క.

దీన్ని మన గసడదవాదేశంతో పోల్చి చూడండి. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. పరుషం సరళమైంది. మన భాషలో అతుకు దగ్గర హల్లు మెత్తబడి కలిసిపోతే, వారి భాషలో అతుకు దగ్గర హల్లు గట్టిపడి విడిగా నిలుస్తుంది. తెలుగువాడు డచ్చి మాట పలికితే ఎబ్బెట్టుగా ఉండడానికి సగం కారణం ఇదేనని నా అనుభవం. మన నోరు అతుకును పూడ్చేస్తుంది.

వ్రాతలో కూడా ఈ అతుకు కనబడుతుంది. 'హార్' అంటే వెంట్రుక, 'ఓలి' అంటే నూనె. 'హార్-ఓలి' అంటే తలనూనె. ఇది ఒంటి మాటే అయితే రకారం 'ఓ'కు జరిగి మొదటి అక్షరం తెరుచుకుంటుంది, 'ఆ' గుర్తు ఒక్కటే వ్రాయాలి. కాని రెండే వ్రాస్తారు. వ్రాసిన తీరులోనే "ఇక్కడ ఒక మాట అయిపోయింది" అని చెబుతున్నారు.

ఇంకొక వింత. 'జే' అంటే సముద్రం, 'ఏంట్' అంటే బాతు. ఈ రెండు మాటల్లోనూ 'ఏ' కోసం ఒకే గుర్తును రెండేసి సార్లు వ్రాస్తారు. కలిపి వ్రాస్తే ఒకే గుర్తు వరుసగా నాలుగుసార్లు వచ్చిపడుతుంది, కన్ను తడబడుతుంది. 1995 సంస్కరణకు పూర్వం మూడో గుర్తు నెత్తిన రెండు చుక్కలు పెట్టి "ఇక్కడ కొత్త అక్షరం మొదలు" అని చెప్పేవారు. ఆ సంస్కరణలో చుక్కలు తీసివేసి, ఇటువంటి సమాసాల నడుమ చిన్న అడ్డగీత పెట్టారు. ఏం చేసినా ఉద్దేశం ఒకటే, అతుకు కనబడాలి.

3. నడుమ వచ్చే ఆగమాలు

మనకు టుగాగమం ఉన్నట్టే వారికీ ఆగమాలున్నాయి. 'స్టట్' అంటే నగరం, 'మ్యూర్' అంటే గోడ. కలిస్తే నడుమ ఒక సకారం వచ్చి 'స్టట్స్‌మ్యూర్' అవుతుంది, అంటే నగరపు ప్రాకారం. కొన్నిటి నడుమ 'అన్' వస్తుంది, 'జీకన్-హయిస్' (ఆస్పత్రి, మాటకు మాట చెబితే రోగుల ఇల్లు) వంటివి. కొన్నిటి నడుమ 'అర్' వస్తుంది. 'కింట్' అంటే పిల్లవాడు, 'వాఖన్' అంటే బండి, పిల్లల తోపుడుబండి 'కిండర్-వాఖన్'.

ఈ ఆగమం ఎవరి సొత్తు? మన 'నిలువుటద్దం' తీసుకోండి. ని-లు-వు-ట-ద్దం అని విరిస్తే ఆగమంగా వచ్చిన టకారం అద్దంలోని అకారాన్ని పట్టుకుంది, ఉత్తరపదం వైపు పోయింది. డచ్చిలో దీనికి సరిగ్గా ఎదురు. ఆగమం ఎప్పుడూ పూర్వపదానిదే. స్టట్స్-మ్యూర్ అనాలి గాని స్టట్-స్మ్యూర్ అనరాదు. 'స్మ' అనే గుంపుతో డచ్చి మాటలు మొదలవుతాయి గనుక నోటికి ఇబ్బంది లేదు. అయినా ఒప్పుకోరు.

ఈ 'అన్' ఆగమంలోని నకారం మామూలు సంభాషణలో చాలామంది నోట వినబడదు. అందుకే అట్లు అనే అర్థమిచ్చే 'పన్నన్‌కూక్' అనే మాటలో నకారం వ్రాయాలా వద్దా అని పెద్ద చర్చ. 1954లో వెలువడిన అధికార పదపట్టిక ప్రకారం అక్కడ నకారం లేదు. 1995 సంస్కరణ దాన్ని చేర్చింది. వినబడని నకారం వ్రాయడమేమిటని ఆ దేశంలో చాలామంది విసుక్కున్నారు. అరసున్న వ్రాయాలా మానాలా అని మన పెద్దలు పడిన తగవు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

4. వ్రాత ఒకటి, అతుకులు రెండు

ఇప్పుడు అసలు చిక్కు. డచ్చివాళ్ళు సమాసాన్ని ఎక్కడా ఖాళీ వదలకుండా కలిపి వ్రాస్తారు. అతుకు ఎక్కడో చదివేవాడే కనిపెట్టాలి.

వాళ్ళు సరదాగా చెప్పుకునే మాట ఒకటి 'డెయ్‌క్రాంప్'. 'డెయ్క్' అంటే సముద్రానికి అడ్డంగా కట్టిన కరకట్ట. 'రాంప్' అంటే ఘోర విపత్తు. డెయ్క్-రాంప్ అంటే కట్ట తెగిన విపత్తు. కాని 'డెయ్' అంటే తొడ, 'క్రాంప్' అంటే కండరం పట్టెయ్యడం. డెయ్-క్రాంప్ అంటే తొడ పట్టేసింది అని! లిపిలో ఒక్క గుర్తు కూడా తేడా లేదు. తేలిక నియమాన్ని గుడ్డిగా వాడితే ఏమవుతుందో చూడండి. 'క్ర' అనే గుంపుతో మాటలు మొదలవుతాయి కాబట్టి విరుపు డెయ్-క్రాంప్ అని వస్తుంది. 1953 జనవరి 31 రాత్రి ఆ దేశపు నైరుతి తీరంలో కట్టలు తెగి 1,836 మంది చనిపోయారు. అటువంటి విపత్తును చెప్పే మాటను నియమం తొడనొప్పిగా మార్చివేస్తుంది. నియమంలో తప్పు లేదు. అర్థం చూడకుండా నియమాన్ని ముందుకు తోసిన మనది తప్పు.

ఇంకొకటి 'క్వార్ట్‌స్లాఖన్'. క్వార్ట్-స్లాఖన్ అంటే పావు చుట్లు, మరను పావు వంతు తిప్పడం వంటిది. క్వార్ట్స్-లాఖన్ అంటే పలుగురాతి పొరలు. మర విప్పే మేస్త్రీ ఒక రకంగానూ, భూగర్భశాస్త్రం చదివేవాడు ఇంకొక రకంగానూ చదువుతారు.

మూడోది 'కెర్స్‌టోమాట్య'. కెర్స్-టోమాట్య అంటే చెర్రీపండంత చిన్న టమాటా. కెర్స్ట్-ఓమాట్య అంటే క్రిస్మస్ నాటి ముసలవ్వ. ఇక్కడ తేలిక నియమం ఇంకా అన్యాయం చేస్తుంది. 'స్ట' గుంపును రెండో అక్షరానికి వదిలి కెర్-స్టోమాట్య అంటుంది. టమాటా రాదు, అవ్వా రాదు. రెంటికీ చెడిన రేవడి అవుతుంది.

నాలుగో మాటలో అతుకు మారితే ధ్వనే మారిపోతుంది. దాన్ని మసాజ్ చేసే మంచం అనే అర్థంలో చదివితే మ-సా-జ-బెట్. జనమంతా కూడి చేసే ప్రార్థన అనే అర్థంలో చదివితే మ-సా-ఖ-బెట్. లిపిలో ఒకటే గుర్తు ఒకచోట ఫ్రెంచి నుంచి వచ్చిన 'జ', ఇంకొకచోట డచ్చి 'ఖ'. అతుకు తెలియకపోతే ఆ గుర్తును ఎలా పలకాలో కూడా తెలియదు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, డచ్చి సమాసాన్ని ముందు అర్థంతో విరవాలి, ఆ తర్వాతే నియమంతో విరవాలి. యంత్రంతో అచ్చుకూర్పు చేసే ఈ కాలంలో కూడా ఈ ఇబ్బంది తీరలేదు. యంత్రానికి లిపిగుర్తుల వరసలు నేర్పవచ్చు. ఆ వాక్యం తొడ గురించా కట్ట గురించా అన్నది తెలిస్తేనే గాని విరుపు తేలదు.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. బాగా పాతబడి నలిగిన సమాసాల్లో అతుకు డచ్చిలోనూ అరిగిపోతుంది. 'ఆర్ట్' అంటే భూమి, 'అప్పల్' అంటే ఆపిలు పండు. రెండూ కలిసి బంగాళాదుంప. వ్రాతలో విరిచేటప్పుడు ఆర్ట్-అప్పల్ అనే విరవాలి. నోట మాత్రం ఆర్-డప్పల్ అనేవారు బోలెడుమంది. రోజూ వంటింట్లో నలిగే మాట కదా! 'ఎందుకు' అనే అర్థమిచ్చే 'వార్-ఓమ్' కూడా అంతే, నోట వా-రోమ్ అయింది. మనం 'బంగాళాదుంప' అనేటప్పుడు బంగాళా దేశం గుర్తుకు వస్తున్నదా? అలాగే.

5. ఊనిక

తెలుగులో ఊనిక మార్చినంత మాత్రాన మాట అర్థం మారదు. మనకు ప్రాణం గురులఘువులు. 'కల' వేరు, 'కల్ల' వేరు. అందుకని మనం ఏ భాష పలికినా గురువు ఉన్నచోట బరువు వేస్తాం. డచ్చిలో బరువు అలా పడదు. 'రేఖన్ట్' అని మొదటి అక్షరం మీద ఊనితే వర్షం కురుస్తున్నది అని అర్థం. అదే వ్రాతను రెండో అక్షరం మీద ఊని 'రేఖెన్ట్' అంటే రాజు తరఫున ఏలే పెద్ద. ఊనిక లేని చోట 'ఎ' అనే అచ్చు వెలవెలబోయి సగం 'అ' అవుతుంది.

సమాసంలో మామూలు పద్ధతి ఇది. పెద్ద ఊనిక పూర్వపదం మీద, చిన్న ఊనిక ఉత్తరపదం మీద. 'ఫూట్-బల్' (కాలిబంతి)లో ఫూట్ మీద. దానికి ఇంకొక మాట తగిలించి 'ఫూట్-బల్-ఫెల్ట్' (ఆట మైదానం) అన్నా ఫూట్ మీదే.

ఇక్కడ నేర్చుకునేవారు తరచు ఒక పొరపాటు చేస్తారు. పూర్వపదం మీద అంటే మొదటి అక్షరం మీద అని కాదు. పూర్వపదానికి విడిగా ఉన్నప్పుడు ఊనిక ఎక్కడ ఉన్నదో సమాసంలోనూ అక్కడే ఉంటుంది. 'కటూన్' అంటే ప్రత్తి. ఊనిక రెండో అక్షరం టూన్ మీద. 'కటూన్-హన్‌డల్' అంటే ప్రత్తి వర్తకం. ఊనిక టూన్ మీదే నిలుస్తుంది. కంపెనీ ఉద్యోగాల్లో చిన్న వర్తకుడి హోదాను 'ఒన్‌డర్-కోప్‌మన్' అనేవారు. 'కోప్' గురువు కదా అని మన నాలుక అక్కడికి పరుగెత్తుతుంది. ఊనిక మాత్రం మొదటి అక్షరం 'ఒన్' మీద.

పైన చెప్పిన మంచానికీ ప్రార్థనకూ ఈ సూత్రం పట్టించి చూడండి. 'మసాజ్' అనే మాటకు ఊనిక సా మీద, కనుక మంచంలో సా మీద. 'మసా' (జనసమూహం)కు ఊనిక మ మీద, కనుక ప్రార్థనలో మ మీద. అతుకు సరిగ్గా దొరికితే ఊనిక దానంతట అదే దొరుకుతుంది.

వినాయింపులు లేకపోలేదు. 'స్టట్' నగరం, 'హయిస్' ఇల్లు, 'స్టట్-హయిస్' అంటే నగర సభాభవనం. ఊనిక హయిస్ మీద! 'పక్-హయిస్' (గిడ్డంగి)లోనేమో మామూలుగా పక్ మీద. నగరపాలక అధ్యక్షుణ్ణి 'బుర్ఖ-మేస్టర్' అంటారు, ఊనిక మే మీద. ఊళ్ళ పేర్లలోనూ వెనక పడేవి చాలా ఉన్నాయి. ఆమ్‌స్టల్ నది మీది డ్యామును బట్టి పుట్టిన 'ఆమ్‌స్టర్‌డమ్'లో, రొట్ట నదిని బట్టి పుట్టిన 'రొట్టర్‌డమ్'లో ఊనిక డమ్ మీద. మనమంతా మొదటి అక్షరం నొక్కి పలుకుతుంటాం. ఇంకొకటి, సమాసం మీద విశేషణ ప్రత్యయం చేరితే ఊనిక ముందుకు జరగవచ్చు. 'ఆన్‌డఖ్ట్' (ధ్యాస)లో ఆన్ మీద ఉన్నది 'ఆన్‌డఖ్టఖ్' (ధ్యాసగా) అనేసరికి డఖ్ మీదికి వస్తుంది. వీటిని ఒక్కొక్కటే చెవితో పట్టుకోవాలి, దగ్గరి దారి లేదు.

6. అంటుకోని మంట

మొదట చెబుతానన్న కథ ఇది. మా మాస్టారు డచ్చి దేశస్థులే, వయసు మళ్ళినవారు. అభ్యాసం కోసం పాత ఉత్తరం ఒకదాని నకలు ఇచ్చారు. అందులో గిడ్డంగుల కాపలా గురించి ఒక ఆజ్ఞ ఉంది. దాని చివర 'బ్రాంట్' (మంట) అనే మాట, దాని వెనక 'ఫోర్‌కోమన్' అనే మాట. నిఘంటువు తీశాను. 'ఫోర్‌కోమన్' అంటే సంభవించడం అని మొదటి అర్థం కనబడింది. అంతే, గిడ్డంగిలో మంటలు సంభవించినవని వ్రాసుకున్నాను. వ్యాసానికి మంచి సంఘటన దొరికిందని సంబరపడ్డాను కూడా.

మాస్టారు నా కాగితం చూసి, "ఈ మాట పైకి చదువు" అన్నారు. చదివాను. "ఊనిక ఎక్కడ వేశావు?" అన్నారు. మొదటి అక్షరం మీద అన్నాను. "అయితే ఆ గిడ్డంగి నువ్వే తగలబెట్టావు" అన్నారు.

సంగతి ఇది. 'ఫోర్' అంటే ముందు, 'కోమన్' అంటే రావడం. ఫోర్ మీద ఊనితే సంభవించడం. కో మీద ఊనితే రాకుండా నివారించడం. వ్రాత ఒకటే, అర్థాలు పూర్తిగా ఎదురు. ఆ ఉత్తరంలో ఉన్నది మంట రాకుండా చూసుకోమన్న హెచ్చరిక. నేను దాన్ని అగ్నిప్రమాదం చేశాను.

"కాగితం మీద ఊనిక వినబడదు కదండీ, నాకెలా తెలుస్తుంది?" అని అడిగాను, కొంచెం రోషంగానే. ఆయన ఆ వాక్యంలో 'త' అనే చిన్న అవ్యయాన్ని వేలితో చూపించారు. 'ఓమ్ బ్రాంట్ త ఫోర్‌కోమన్' అని ఉంది. త మాట ముందు నిలబడింది. ఊనిక ఫోర్ మీద ఉండి ఉంటే అతుకు విడిపోయి త నడుమకు వచ్చేది, 'ఫోర్ త కోమన్' అయ్యేది. ఊనిక పడిన ఉపసర్గ క్రియనుంచి విడిపోతుంది. వర్తమానంలో 'కోమ్ట్ ఫోర్' అని వాక్యం చివరకు కూడా పోతుంది. ఊనిక పడని ఉపసర్గ క్రియను అంటిపెట్టుకొని ఉంటుంది, ఎక్కడా విడదు. కాబట్టి కాగితం మీద వినబడని ఊనికను కంటితో పట్టుకునే దారి ఉన్నది, వెతికేవాడికి కనబడుతుంది.

ఇటువంటి జంటలు ఇంకా ఉన్నాయి. 'ఓఫర్‌డ్రెయ్‌ఫన్' మొదట ఊనితే మబ్బు తేలిపోవడం, డ్రెయ్ మీద ఊనితే ఉన్నదానికన్న ఎక్కువ చేసి చెప్పడం. 'ఒన్‌డర్‌ఖాన్' మొదట ఊనితే పొద్దు గుంకడం, ఖాన్ మీద ఊనితే అనుభవించడం. నేటి అచ్చులో అనుమానం వచ్చేచోట ఊనిక ఉన్న అచ్చు మీద చిన్న వాలుగీత పెట్టే అలవాటు ఉంది. పాత చేతివ్రాతల్లో ఆ సహాయం ఆశించరాదు. డచ్చి దేశంలో వర్ణక్రమాన్ని అధికారికంగా స్థిరపరచే ప్రయత్నం 1804లో సీఖన్‌బేక్ పండితుడితో మొదలైంది. కంపెనీ గుమాస్తాలు అంతకు ముందటివారు, ఎవరికి తోచినట్టు వారు వ్రాశారు. పంక్తి చివర మాట విరిగితే రెండు ముక్కలనూ కలుపుకొని, మళ్ళీ సరైన అతుకు దగ్గర విప్పుకోవలసిన భారం మనదే.

ఆనాడు మాస్టారు చూడకపోతే నా మంట అచ్చయ్యేది. నా వ్యాసం చూసి ఇంకొకరు వ్రాసేవారు. జరగని ప్రమాదం ఒకటి మన చరిత్రలో స్థిరపడేది. ఒక్క ఊనిక పొరపాటుకు ఇంత ఫలితం ఉంటుందని నేను అంతకు ముందు అనుకోలేదు.

7. అభ్యాసం

మొత్తం పద్ధతిని క్రమంగా చెప్పి, కొన్ని మాటలు ఇస్తాను. మొదట వాక్యం చదివి అర్థాన్ని బట్టి అతుకు కనిపెట్టాలి. రెండు, ఆగమం ఉంటే పూర్వపదానికి ఇచ్చెయ్యాలి. మూడు, ఒక్కొక్క ముక్క లోపల తేలిక నియమాలతో విరవాలి. నాలుగు, పూర్వపదం విడిగా ఉన్నప్పటి ఊనికను సమాసానికి వెయ్యాలి. అయిదు, వినాయింపేమోనని ఒకసారి నిఘంటువు చూసుకోవాలి.

'ఖ్రఫ్‌స్టేన్': ఖ్రఫ్ అంటే సమాధి, స్టేన్ అంటే రాయి. ఖ్రఫ్-స్టేన్, ఊనిక మొదటిదాని మీద. బందరులో చూడవలసిన మాట.

'డఖ్‌రేఖిస్టర్': డఖ్ అంటే రోజు, రేఖిస్టర్ అంటే పద్దుపుస్తకం. డఖ్-రే-ఖిస్-టర్, ఊనిక డఖ్ మీద. కంపెనీ కొఠీల్లో ఏ రోజు సంగతి ఆ రోజు వ్రాసిపెట్టిన దినచర్య ఇది.

'బూక్‌హౌడర్': బూక్ పుస్తకం, హౌడర్ ఉంచేవాడు. బూక్-హౌ-డర్, ఊనిక బూక్ మీద. లెక్కలు వ్రాసే గుమాస్తా.

'జోమర్‌ఆఫన్ట్': వేసవి సాయంత్రం. పలుకులో జో-మర్-ఆ-ఫన్ట్ అని నాలుగు అక్షరాలు, ఊనిక జో మీద. జో-మ-రా-ఫన్ట్ అంటే అతుకు చెడిపోతుంది. అయితే అచ్చులో 'ఆ' అనే ఒంటి గుర్తును విడిగా వదలరు, జో-మర్-ఆఫన్ట్ అని మూడు ముక్కలుగానే విరుస్తారు.

ఈ నాలుగూ పైకి చదవండి. రెండు ముక్కల నడుమ రవంత ఆగండి, పూర్వపదం మీద బరువు వెయ్యండి. మొదట్లో నవ్వొస్తుంది, పదిసార్లయ్యాక నోరు లొంగుతుంది.

మన కళాశాలలో చరిత్ర, భాషాశాస్త్రం చదివే విద్యార్థులు ప్రతి ఏటా కొందరు పరిశోధనకు వెళుతున్నారు. తెలుగు తీరం గురించి డచ్చి కాగితాల్లో ఉన్న సంగతులను ఇంగ్లీషు అనువాదాల దాకా వచ్చినంత మేరకే మనం చదువుతున్నాం. మూలం చదవగల తెలుగువారు ఇంకా కావాలి. వారిలో ఒక్కరికైనా ఈ పాఠం ఉపయోగపడి, 'ఫోర్‌కోమన్' అనే మాట ఎదురైనప్పుడు కలం ఆపి "ఊనిక ఎక్కడ?" అని అడుగుకుంటే, మా మాస్టారి శ్రమకు నేను కొంత బాకీ తీర్చినట్టే.